ఇరవై నిమిషాల డబ్బా

మేళ్లచెరువుల ఏసోబు ఇల్లేదని అడిగితే ఎవ్వరూ చెప్పరు. గిటారు ఏసోబు అని అడుగుండ్రి, బస్టాండు కాడ చాయ్ పోసేటామె గూడ గల్లీ దాకొచ్చి చూపెట్టి పోతది. మనిషికి యాభై నాలుగేండ్లు, సన్నగ, పొడుగ్గ, గట్టిగ గాలొస్తే వంగేటట్టుంటడు. సిమెంటు ఫ్యాక్టరీల ప్యాకింగు కాడ పని, కాంట్రాక్టు మీద. ముప్పై ఏండ్ల సంది బస్తాలు నింపుడు, లారీకెక్కిచ్చుడు. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద గూడ సిమెంటే. భార్య జానమ్మ గడప కాడనే నిలవడి "ఆగాగు, లోపటికి రాకు" అని చెంబెడు నీళ్లు మొఖాన కొట్టినంకనే రానిస్తది. ఫ్యాక్టరీల సూపర్‌వైజరు ఆయనను ఒక్కనాడన్న పేరు పెట్టి పిల్వలే. "ఓయ్ ప్యాకింగూ" అంటడు, గంతే.

ఆరు రోజులు గట్ల. ఏడో రోజు ఏసోబు వేరే మనిషి. తెల్లంగీ తొడుక్కొని, తలకు నూనె పెట్టుకొని, గిటారు భుజానికేసుకొని చర్చికి నడుస్తుంటే దారెమ్మట మనుషులు దండాలు పెడ్తరు. చర్చిల అయ్యగారు వాక్యం చెప్పే బల్లకు ఎడమ దిక్కు, ఫ్యాను కింద, ఓ నీలం ప్లాస్టిక్ కుర్చీ ఉంటది. ఇరవై ఆరేండ్ల సంది అది ఏసోబుది. పెండ్లికొచ్చిన సుట్టాలు తెల్వక కూసుంటే చిన్నపిల్లలే లేపుతరు, "లెవ్వుండ్రి, అది గిటారు తాతది" అని. కండ్లు పూర్తిగ పోయిన సాలమ్మవ్వ ఉన్నది గదా, ఆమె ఎవ్వరి మొఖం చూడలేదు గని, తీగె మీద ఒక్కసారి వేలు పడంగనే "ఆఁ, ఏసోబొచ్చిండు, ఇగ మొదలుపెట్టుండ్రి" అని అంత లావు గొంతుతోని ఒర్రుతది. చెవులు గూడ జర మందమే అవ్వకు, అందుకే ఏం మాట్లాడినా ఊరంత ఇనవడ్తది.

ఇగ చూడుండ్రి, కరోనా పోయి కూడికలు మళ్ల మొదలైన ఏడు, అయ్యగారి కొడుకు నవీన్‌కుమార్ ఓ కీబోర్డు కొన్నడు. కోదాడల డిగ్రీ చదివే పిల్లగాడు. అబ్బో, ఏం సామాను అది! ఒక బటన్ ఒత్తితే డోలు, ఇంకోటి ఒత్తితే తబల, మరొకటి ఒత్తితే వయొలిన్లు. ఆఖరుకు ఇంకో బటన్ ఒత్తి "అంకుల్, గిది ఇనుండ్రి, అచ్చం మీదాని లెక్కనే లేదా?" అన్నడు. గిటారు! లోపట మనిషి కూసొని వాయిస్తున్నట్టే ఉన్నది. పిల్లగాడు మంచోడే, ఎగతాళికి అనలే. ఏసోబు నవ్విండు.

"మంచిగున్నది బిడ్డా. దీనికి తీగెలు తెగుతయన్న ఫికరే లేదు."

ఇంటికొచ్చి అన్నం ముట్టలే.

ఆ పై ఆదివారమే సంఘపెద్ద లింగస్వామి పక్కకు పిల్చిండు. లింగస్వామి ఫ్యాక్టరీల పర్మినెంటు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పర్మినెంటు గొంతు ఇంక పోలే ఆయనకు.

"ఏసోబూ, ఒక మాట చెప్త ఏమనుకోకు. కీబోర్డు ముంగట నీ గిటారు ఇనవడ్తలేదు. ఊకె చెయ్యి ఊపుతున్నట్టే కనవడ్తది."

"మైకు జర దగ్గర పెడితే ఇనవడ్తదన్నా."

"మైకు పాడేటోళ్లకే సాల్తలేదు. ఫిబ్రవరిల ఉజ్జీవ సభలున్నయి, మూడు రోజులు, నాలుగూర్ల మంది వస్తరు. అప్పటిదాక నీ శబ్దమన్న పెంచుకో, లేకుంటే అందరితోని కింద కూసొని పాడు. ఆ కుర్చీ జాగాల నవీన్ స్టాండు పడ్తది."

గదీ సంగతి. కుర్చీ ఉండాల్నంటే శబ్దం పెరగాలె, శబ్దం పెరగాల్నంటే యాంప్లిఫైరు కావాలె.

మామూలు యాంప్లిఫైరైతే కోదాడల దొరుకుతది. ఏసోబు మనసుల మాత్రం ఇంకోటున్నది. చిన్నప్పుడు వాళ్ల బాపు నందికొండల డ్యాం మీద కూలి. ఆడ హిల్ కాలనీల కేరళ నుంచొచ్చిన థామస్ సారని ఓ ఇంజనీరుండె. ఏసోబుకు గిటారు నేర్పింది ఆయనే. ఆయన కాడ ఓ డబ్బా ఉండేది. వెనక దిక్కు నుంచి చూస్తే పాతకాలం రేడియోల లెక్క గాజు వాల్వులు, కుంపట్ల నిప్పుల తీరుగ ఎర్రగ మండేటివి. స్విచ్చేస్తే ఎంటనే పలకదు, నిమిషంసేపు ఏడెక్కి అప్పుడు పలుకుతది. ఆ శబ్దం ఇంటుంటే చలికాలం పొద్దున గోరువెచ్చటి నీళ్లు నెత్తిన పోసుకున్నట్టుండేదట. నలభై ఏండ్లాయె, ఏసోబు చెవులల్లకెల్లి అది పోలే.

కోదాడ దవాఖానల నర్సు పనిచేసే బిడ్డ మెర్సీ ఫోన్ల ఎతికి చూపెట్టింది. "బాపూ, వాల్వులయి ఇప్పటికీ చేస్తున్నరు. ట్యూబ్ యాంప్లిఫైరంటరంట. హైదరాబాదుల ఉన్నది."

జానమ్మ ధర చూసి ఫోను కింద పెట్టింది. "మెర్సీ నాయినా, నాకు ఇంటెనక రేకులేపిస్తనంటివి."

"వానకాలం లోపట ఏపిస్తనే."

"ఏ వానకాలం? పోయిన వానకాలం గూడ గిదే చెప్పినవ్." అన్నది గని, బీరువ తీసి దసరా బోనసు కవరు తెచ్చి ఆయన ముంగట పెట్టింది. "ఆ కుర్చీ లేకుంటే నీతోని ఇంట్ల నేను ఏగలేను, కొనుక్కోపో."

మెర్సీని తోలుకొని హైదరాబాదు పోయిండు. దుకాణం అద్దాలతోని మెరుస్తాంది. అమ్మేటోడు డబ్బాకు వైరు పెట్టి, నిమిషం ఆగి, గిటారు ఏసోబు చేతికిచ్చిండు. ఏసోబు ఒక్కటే తీగె మీటిండు. మెర్సీ బాపు మొఖం చూసి భయపడ్డది, ఏమన్న నొప్పి లేచిందా అని.

"బాపూ, ఏమైంది?"

"గదే బిడ్డా. గదే శబ్దం. థామస్ సారుది."

అయిదు నిమిషాలు వాయించిండు. అయిదే. దుకాణంల ఎంతసేపు వాయిస్తరు? బిల్లు, గ్యారంటీ కాయితం, అట్టపెట్టె. కొత్త డబ్బా, సీలు గూడ వాళ్ల ముంగటనే తీసిండ్రు. బస్సుల డబ్బాకో సీటు, దానికీ టికెటు తీస్తనన్నడు ఏసోబు. కండక్టరు నవ్వి ఊకున్నడు.

మేళ్లచెరువుల విశ్వాసుల ఇండ్లల్ల ఓ పద్ధతున్నది. కొత్త బండి కొన్నా, కుట్టుమిషిను కొన్నా, బోరు మోటరు దించినా, చర్చి ముంగట పెట్టి అయ్యగారితోని నూనె పెట్టిచ్చి ప్రార్థన చేపిస్తరు. నూనె పడకుండ వాడరు. ఏసోబు గూడ డబ్బాను బల్ల ముంగట పెట్టిండు. అయ్యగారు వేలితోని చుక్క పెట్టబోతుంటే ఏసోబు ఆగలే.

"అయ్యగారూ, చుక్క గాదు. మంచిగ పోయుండ్రి. నలభై ఏండ్ల కోరిక."

అయ్యగారు నవ్వి చిన్న సీసా వంచిండు. నూనె పైన చెక్క మీదికెల్లి జారి ఎనక జాలి అంచుకు పోయింది.

"ఎవరిది ఈ పెట్టె ఏసోబూ?" అని సంఘం ముంగట అడిగిండు అయ్యగారు. అందరినీ అడిగే మాటే అది. బండికి గూడ అడుగుతరు, మోటరుకు గూడ అడుగుతరు.

"దేవునిది అయ్యగారూ."

"స్తోత్రం!" అన్నరు అందరు. లింగస్వామి అందరికంటే గట్టిగన్నడు.

ఆ రోజు మొదటి పాటకు చర్చి అంత ఏసోబు దిక్కు మల్లి చూసింది. సాలమ్మవ్వ "ఓయమ్మో, ఏసోబూ, ఏం తిన్నవురా ఇయ్యాల!" అని ఒర్రింది. నవీన్‌కుమార్ కీబోర్డు తగ్గిచ్చి, నోరు తెర్సి ఇన్నడు. ఏసోబు కుర్చీల నిటారుగ కూసున్నడు. రెండో పాట. మూడో పాట మధ్యల శబ్దం పల్సగ అయింది. తర్వాత మక్కలు ఏంచినట్టు చిటపట. తర్వాత ఏం లేదు. లోపట వాల్వులు ఎర్రగ మండుతనే ఉన్నయి, నోరు మాత్రం పడిపోయింది.

ఇంటికొచ్చి, చల్లారినంక పెడితే మళ్ల పాట పలికింది! గోడ గడియారం ముంగట పెట్టుకొని చూసిండు. ఇరవై నిమిషాలు. మళ్ల చల్లార్చి పెట్టిండు. ఇరవై ఒకటి. మూడోసారి ఇరవై.

"ఫ్యాక్టరీ మిల్లు తిరిగినప్పుడు కరెంటు గుంజుతది, అందుకేనేమో" అన్నది జానమ్మ.

"మిల్లు బందున్నప్పుడు గూడ చూసిన గదనే."

"అయితే మన ఊరి దుబ్బ పోయిందేమో దాంట్ల."

"వారం రోజులల్ల ఏం దుబ్బ పోతది? నువ్వే మూడు దుప్పట్లు కప్పితివి."

మళ్ల హైదరాబాదు. ఒక్కడే పోయిండు, డబ్బా ఒళ్లె పెట్టుకొని. దుకాణంల రిపేరు చూసేటాయన డబ్బాను అయిదు నిమిషాలు వాయించి చూసి, "మంచిగనే ఉంది కదండీ. మీకు వాడడం వస్తలేదేమో" అన్నడు.

"సార్, ఇరవై నిమిషాలాగాలె. ఏడెక్కినంక పోతది."

"పెద్దాయనా, ఒక్కొక్క దానికి ఇరవై నిమిషాలు నిలవడితే నేను దుకాణం మూసుకోవాలె."

ఏసోబు కదల్లే. బల్ల పక్కనే నిలవడ్డడు, గిటారు పట్టుకొని. ఆఖరుకు ఆయనకే ఇసుగొచ్చి, వెనక పలక ఇప్పిండు. ఇప్పి, వేలు పెట్టి చూసి, వాసన చూసిండు.

"ఇదేంది? నూనె?"

"ప్రార్థన నూనె సార్."

"దీంట్ల పోసిన్రా?"

"దీని మీద పోసిన్రు. వైర్లకు తగల్లే సార్, చూడుండ్రి, చెక్క అంచుకే ఉన్నది."

ఆయన పక్కోన్ని పిల్చి చూపెట్టిండు. ఇద్దరు నవ్విన్రు. "పప్పుల పోపేసినట్టు ఏసిండ్రు అన్నా" అన్నడు ఆ రెండోడు. గ్యారంటీ కాయితం మీద ఎర్ర పెన్నుతోని ఏందో రాసి చేతుల పెట్టిండ్రు. లోపట ద్రవం పోసిన గుర్తులున్నయి, కంపెనీకి సంబంధం లేదు అని దాని భావం. ఏసోబు ఎంత బతిమిలాడిండో ఆయనకే తెల్వాలె. "వాయించి చూడు సార్, ఒక్క ఇరవై నిమిషాలు" అన్నడు తలుపు కాడికొచ్చినంక గూడ. తలుపు దానంతటదే మూసుకున్నది, స్ప్రింగు తలుపాయె.

తెల్లారి ఉజ్జీవ సభలు మొదలైనయి. టెంటు, లైట్లు, నాలుగూర్ల మంది. ఏసోబు కుర్చీ ఏసోబు కిందనే ఉన్నది. మొదటి రెండు పాటలు గంభీరంగ పోయినయి. ఆయన మాత్రం పాట ఇంటలేడు, చేతి గడియారం చూస్తాండు. పదహారు. పద్దెనిమిది. పంతొమ్మిదికే పోయింది ఆ రోజు, టెంట్ల ఉక్క ఎక్కువుండె.

ఏం చేస్తడు? మధ్యల లేస్తే నాలుగూర్ల ముంగట పరువు పోతది. చెయ్యి ఆడిచ్చుకుంటనే కూసున్నడు, శబ్దం లేని తీగెల మీద. ఎవరన్న మల్లి చూస్తరేమో, "గిటారేమైంది?" అంటరేమో అని ప్రాణం అరచేతుల పెట్టుకొని చూసిండు. ఒక్కరు చూడలే. కీబోర్డు పోతనే ఉన్నది, చప్పట్లు పోతనే ఉన్నయి. ఆయన చెయ్యి ఊపుతనే ఉన్నడు. నలభై నిమిషాలు గట్లనే.

సభ అయినంక చెప్పులు ఎతుక్కుంటుంటే సాలమ్మవ్వ ఒక్కతే మనుమరాలి చెయ్యి పట్టుకొని, గాలిల ఎతికి ఏసోబు అంగీ దొరకవట్టింది. "ఏం బిడ్డా, మధ్యల లేసి పోయినవా? పానం బాగలేదా?"

"ఏం లేదవ్వా. గొంతు పట్టింది."

"గొంతుకు, గిటారుకు ఏం సంబంధంరా!" అని నవ్వింది అవ్వ. ఏసోబు చెప్పులు తొడుక్కున్నడు.

రెండో రోజు పొయ్యేసరికి నీలం కుర్చీ మీద కీబోర్డు కవరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి ఉన్నయి. లింగస్వామి చూసి "ఆఁ, వచ్చినవా? కూసో కూసో" అన్నడు, చాప దిక్కు చెయ్యి చూపెట్టి.

సభలైన వారానికి మెర్సీ ఒక మాటన్నది. "బాపూ, హుజూర్‌నగర్‌ల రాంచందరని పాత రేడియోలు బాగుచేసేటాయన ఉన్నడట. మా డాక్టరమ్మ వాళ్ల తాత రేడియో ఆయనే చేసిండంట." రాంచందర్‌ది మగ్గాలోళ్ల ఇల్లు. నాయిన నేసిండు, ఈయన మాత్రం మగ్గం ఇడ్సి చిన్నప్పుడే సోల్డరు పట్టిండు. డబ్బా పెట్టంగనే ఏం ముట్టలే. స్విచ్చేసి, రెండు చాయలు తెప్పిచ్చిండు.

"తమ్మీ, కూసో. ఇది ఏడెక్కేదాక మనకేం పని లేదు."

ఆ మాటకు ఏసోబుకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఇరవై నిమిషాలు ఆగిన మొదటి మనిషి. శబ్దం పోంగనే రాంచందర్ ఎనక పలక ఇప్పి, కండెలకు వాడే ఓ సన్నటి కట్టెపుల్ల తీసి లోపట ఒక్కొక్క అతుకును మెల్లగ ఒత్తుకుంట పోయిండు. ఒక్క కాడ ఒత్తంగనే చిటపటమని శబ్దం తిరిగొచ్చింది.

"గిదో. డబ్బా చేసిన ఫ్యాక్టరీలనే సరిగ అంటుకోలే ఈ అతుకు. చల్లగున్నప్పుడు ఆనుకొని ఉంటది, ఏడెక్కితే ఎడమైతది. పోగు తెగినట్టే."

"నూనెతోని కాదా అన్నా?"

"ఏ నూనె? నూనె యాడనో ఉన్నది, ఇది యాడనో ఉన్నది. మొదటి రోజు సంది గిట్లనే ఉండాలె ఇది."

ఒక్క చుక్క సోల్డరు. రెండు నిమిషాల పని. పైసలెంతంటే చాయ్ పైసలియ్యి సాలన్నడు. గంటన్నర వాయించి చూసిన్రు. ఆగలే.

ఏసోబు ఆ డబ్బా పట్టుకొని సీద లింగస్వామి ఇంటికే పోయిండు. "అన్నా, బాగైంది! గంటన్నర పలికింది! ఈ ఆదివారం సంది..."

"దేవునికి స్తోత్రం. సమయానికి తెచ్చినవ్. నవీన్ స్పీకరు సభలల్ల చినిగిపోయింది. ఆదివారం ఇది పెట్టి కీబోర్డు దీంట్ల ఏస్తం."

"కీబోర్డా? మరి నా గిటారు?"

"నీ గిటారుకేం, నువ్వు చాప మీద కూసొని వాయిస్తే దేవుడు ఇనడా?"

"డబ్బా నాది లింగస్వామన్నా. నా బోనసు. దాని ఎంబడి నేనూ ఉంట."

లింగస్వామి మంచం మీద సర్దుకొని కూసున్నడు. "సంఘం ముంగట ఎవరిదంటే ఏమన్నవ్?"

ఏసోబు డబ్బాను కింద దించిండు.

"దేవునిదన్నవ్. నూనె నువ్వే అడిగి పోపిచ్చుకున్నవ్, చుక్క సాలదని. ఇప్పుడు నాదంటవా? అయ్యగారు ఇంటే ఏమనుకుంటడు, సంఘం ఏమనుకుంటది? దేవునికిచ్చింది ఎనక్కి గుంజుకున్నడని నీ బిడ్డ పెండ్లి మాటలల్ల గూడ వస్తది, చూస్కో."

మరి లింగస్వామి బండికి గూడ నూనె పోసిన్రు గదా? అది దేవునిదైనా రోజూ ఆయనే తోల్తడు గదా? ఈ మాట ఏసోబు నాలిక చివరిదాక వచ్చింది. పర్మినెంటు గొంతు ముంగట కాంట్రాక్టు గొంతు పెగల్లే.

ఇంటికొచ్చి చెప్తే జానమ్మ చేట పక్కకు కొట్టింది. "ఇయ్యకు. ఇంట్లనే పెట్టు. మన మంచం మీద పెట్టుకొని పండుకుందం."

"ఇయ్యకుంటే చర్చికి ఏం మొఖం పెట్టుకొని పోతమే?"

"ఇచ్చినంక ఏం మొఖం ఉంటది నీకు?"

శనివారం ఏసోబు డబ్బా ఎత్తుకొని మళ్ల హుజూర్‌నగర్ పోయిండు. రాంచందర్ చూసి "మళ్ల ఆగిందా?" అని లేసి నిలవడ్డడు.

"లేదన్నా. ఆ చుక్క తీసెయ్యి."

"ఏంది?"

"నువ్వేసిన చుక్క. తీసెయ్యి. మళ్ల ఇరవై నిమిషాలకే ఆగాలె. పైసలిస్త ఈసారి."

రాంచందర్ మళ్ల కూసున్నడు. సంగతి అడిగిండు, ఇన్నడు. ఇని, కండ్లద్దాలు తీసి తుడ్చుకున్నడు. "తమ్మీ, తెగింది అతుకుడు నా పని. అతికింది తెంపుడు నేను నేర్వలే. ఇగో, పలక ఇప్పి పెడ్త, పుల్ల గూడ ఇస్త. నువ్వే గుంజుకో."

పలక ఇప్పి పక్కకు జరిగిండు. ఏసోబు పుల్ల పట్టుకొని ఆ చుక్కను చూసిండు. జొన్నగింజంత, కొత్తగ మెరుస్తాంది. పుల్ల ఆనిచ్చిండు. తర్వాత పుల్ల బల్ల మీద పెట్టి, "మూసెయ్యన్నా" అన్నడు.

ఆదివారం డబ్బాను ఆయనే మోసుకపోయి, ఆయనే వైరు పెట్టి, ఆయనే స్విచ్చేసిండు. "నిమిషం ఆగాలె బిడ్డా, ఏడెక్కాలె" అని నవీన్‌కుమార్‌కు చెప్పి, వచ్చి మగోళ్ల చాప మీద మూడో వరసల కూసున్నడు. గిటారు తేలే. మొదటి పాట అయింది. రెండో పాట అయింది. ఏసోబు కండ్లు గోడ గడియారం మీదనే ఉన్నయి. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. ఇరవై మూడు. డబ్బా ఆగలే.

నాలుగో పాటకు నవీన్‌కుమార్ గిటారు బటన్ ఒత్తిండు. వాల్వులల్లకెల్లి ఆ శబ్దం, నందికొండ శబ్దం, గోరువెచ్చగ చర్చి అంత నిండింది. నీలం కుర్చీ ఫ్యాను కిందనే ఉన్నది, దాని మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు.

ఆడోళ్ల దిక్కు నుంచి సాలమ్మవ్వ, పక్కనున్న జానమ్మ తొడ మీద చరిచి, అందరికీ ఇనవడేటట్టు ఒర్రింది.

"మస్తు వాయిస్తాండే నీ మొగడు! గొంతు మంచిగైనట్టుంది!"

జానమ్మ మూడో వరస దిక్కు చూసింది. ఏసోబు తల వంచుకొని ఉన్నడు. చాప మీద ఆయన ఎడమ చెయ్యి వేళ్లు లేని తీగెలను ఒత్తుతున్నయి.

"అవునవ్వా" అన్నది జానమ్మ. "మంచిగైంది."